ఎడమ పక్క తెగని గడ్డి

ఫిబ్రవరి 3, మంగళవారం

గడ్డి కోసే మిషను చూలై పేటలో సాన పట్టే భాస్కర్ కొట్టు నుంచి వచ్చేసింది. మీన్‌బాడీ మూడు చక్రాల బండిలో, గోనెసంచులు కప్పుకొని. వెనకాలే స్కూటర్లో మా ఆయన, ఊరేగింపుకు కాపలా మాదిరి. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి వాకిట్లో దించేసి చుట్టూ తిరుగుతా ఉండాడు. ఇల్లంతా గ్రీజు వాసన.

భాస్కర్ సాన బాగా పట్టినాడు. సిలిండర్ బ్లేళ్ళు మెలికలు తిరిగి తళతళమంటా ఉండాయి. కింద బ్లేడు కొత్తది, సన్నది. "ఇది సన్నగా ఉంటేనే వసంతా, నేలకు అంటుకున్న గడ్డి తెగేది" — వచ్చినప్పట్నించీ అదే మాట. దొరల కాలం మిషను. పాత ఇనుప కొట్లో తుప్పు పట్టి పడుంటే ఎత్తుకొచ్చినాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైనప్పట్నించీ దీంతోనే కాపురం.

మార్చిలో తొండియార్‌పేట గ్రౌండులో పాత ప్లేయర్ల క్రికెట్ మ్యాచ్. పిచ్ తయారు చేసే బాధ్యత ఈయనది. గరికను మూడు మిల్లీమీటర్లకు దించాలంట. క్లబ్బువాళ్ళ మిషను అంత కిందికి రాదు, ఇది వస్తాది.

పిచ్ అని ఆయనంటాడు. పిచ్చి అని నేనంటా.

ఫిబ్రవరి 5, గురువారం

కాయితం ముక్కలు అందించడం నా పని. పిల్లల పాత పరీక్ష పేపర్ల అంచులు కత్తిరించి పెట్టుకున్నా.

సిలిండరుకూ కింద బ్లేడుకూ మధ్య కాయితం పెట్టి మెల్లంగా తిప్పితే కత్తెరతో కోసినట్టు తెగాల. ఈ కొస నుంచి ఆ కొస దాకా. సందు సరిచేసేందుకు కొసకొక స్క్రూ. "అంటీ అంటనట్టు ఉండాల. గట్టిగా రాసుకుంటే వేడెక్కి చస్తాది. ఎడంగా ఉంటే గడ్డిని కొయ్యదు, నమిలేస్తాది."

హ్యాండిల్ పక్కన కూర్చొని చాలాసేపు తిప్పినాడు. అయిపోయిందన్నాడు. ఊరికే ఒక ముక్క నేనూ పెట్టి చూసినా. కుడి కొసన తెగింది. ఎడమ కొసన, చైన్ ఉన్న పక్క, మడత పడింది, తెగలా.

"ఈడ తెగలేదండీ."

"తెగిందిలే."

చూడకుండానే అన్నాడు. చేతులు తుడుచుకుంటా లేచిపోయినాడు. ఈయనా! చపాతీ పీట ఆడినా కింద కాయితం మడిచి పెట్టేదాకా నిద్రపోనాయన.

ఫిబ్రవరి 8, ఆదివారం

గ్రౌండుకు నేనూ పోయినా, ఫ్లాస్కులో కాఫీ ఎత్తుకొని. మొదటి కోత. ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. ఆయన మొహంలో ఆ వెలుగు — పెళ్ళి ఫోటోలో కూడా లేదు.

పోయినాడు, వచ్చినాడు. పోయినాడు, వచ్చినాడు. మిషను పోయిన దారికంతా ఎడమ అంచున గడ్డి ఒక గీతలాగా నిలబడే ఉండాది. మీసం మాదిరి. ప్రతి వరసకూ.

క్లబ్బు సెక్రెటరీ సెల్వం వంగి చూసి, మర్యాదగానే — "సార్, లెఫ్ట్ సైడు వెట్టలయే సార్…"

"ఏడయ్యా? ఏడ తెగలా? చూపించు!"

అరిచినాడు. సెల్వం మీద. అందరి ముందరా. సెల్వం చేత్తో చూపిస్తానే ఉండాడు, ఈయన ఆ పక్కకు చూళ్ళా.

కాఫీ ఎవరూ తాగలా. అట్లే ఇంటికి తెచ్చినా.

ఫిబ్రవరి 9

బీన్స్ పొరియల్ మళ్ళీ పళ్ళెంలోనే మిగిలింది. అడిగితే, "బీన్స్ ఎప్పుడు పెట్టినావు?" అంటాడు.

ఎగతాళి అనుకున్నా.

ఫిబ్రవరి 11, బుధవారం

మిషను మళ్ళీ చూలైకి. భాస్కర్‌తో రచ్చ. సాన వంకరగా పట్టినావంట, ఎడమ కొసను సన్నగా అరగదీసి కోన్ మాదిరి చేసినావంట. సాయంత్రం భాస్కరే ఫోన్ చేసినాడు.

"అక్కా, అన్నకు చెప్పలేక నీకు చెప్తా ఉండా. గేజి పెట్టి చూసినా. ఈ కొస నుంచి ఆ కొసకు రవ్వంత తేడా లేదు. మిషన్లో ఏం లేదక్కా."

సరేలే భాస్కర్ అన్నా. ఫోన్ పెట్టినాక ఆ చివరి మాట చెవిలో ఉండిపోయింది. మిషన్లో ఏం లేదు.

ఫిబ్రవరి 12

మిషను పొద్దున్నే తిరిగొచ్చింది. ఈ రోజు ఎత్తు సరిచేసినాడు. ముందు రోలరుకూ వెనక రోలరుకూ కింద ఆనేట్టు ఇనుప స్కేలు పెడతాడు. స్కేలుకూ కింద బ్లేడు అంచుకూ మధ్య సందు ఎంతో, గడ్డి అంత ఎత్తులో తెగుతాది. కుడి కొసన సందు సరిగ్గా మూడు. ఎడమ కొసన — నా చిటికెన వేలు దూరింది.

వర్క్‌షాపులో వెంట్రుక మందం తేడా వేలితో తడిమి పట్టేవాడని చెప్పుకునేవాళ్ళు.

వేలు వెనక్కి తీసుకున్నా. భయం దేనికో తెలవదు.

ఫిబ్రవరి 14, శనివారం

గడ్డం గీసుకొని వచ్చినాడు. చూసి ఫక్కున నవ్వినా. ఎడమ చెంప అంతా తెల్లటి గరుకు, అట్లే ఉండాది.

"సగం గీసుకున్నారేందండీ, బ్లేడు అయిపోయిందా?"

చెయ్యెత్తి కుడి చెంప తడుముకున్నాడు. "నున్నగా ఉండాదే."

"ఈ పక్క…"

"ఏ పక్క?"



నిత్యకు ఫోన్ చేసినా. "అమ్మా, రిటైరైన స్ట్రెస్‌మా అది. అప్పాని తొల్లై పన్నాదే." విసిగించొద్దంట. మా అమ్మాయికి ఆఫీసు మీటింగు. పెట్టేసింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

 జరిగింది జరిగినట్టు రాస్తా.

మిషను వాకిట్లోనే ఉండాది. దాన్ని ఎవరూ కదిలించలా. ఎండ మొహాన కొడతా ఉందని ఆయన హ్యాండిల్ దగ్గర్నుంచి పీట తీసుకొని ఇటుపక్కకు వచ్చి, మిషనుకు ఎదురుగా కూర్చొని స్క్రూలు తిప్పినాడు. కాయితాలు నేనే అందించినా. అయిపోయిందన్నాక మామూలుగా నేనూ పరీక్ష చేసినా.

చైన్ పక్క కొస బ్రహ్మాండంగా తెగింది. ఇన్నాళ్ళూ తెగనిది అదే. రెండో కొస, ఇన్నాళ్ళూ బాగున్నది, తెగలా.

మొదట సంతోషపడ్డా. తర్వాత, కాయితం చేతిలో ఉండంగానే, తట్టింది. మిషన్లో లోపముంటే అది ఒక్కచోటే ఉండాల గదా. ఈయన ఇటుపక్కకొస్తే అదీ ఇటుపక్కకొచ్చింది. ఈయన ఎటు కూర్చుంటే అటు, ఈయన ఎడమ చేతి పక్క కొసే తెగదు.

లోపం మిషనుది కాదు.

మధ్యాహ్నం అన్నం పెట్టినా. బీన్స్ ఎడమ పక్కన. కుడి సగం శుభ్రంగా తిన్నాడు, గీత గీసినట్టు. ఎడమ సగం ముట్టలా. "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నాడు. నేను పెట్టలా. పళ్ళేన్ని పట్టుకొని మెల్లగా తిప్పినా.

"అరె, బీన్స్ చేసినావా!"

అని తిన్నాడు. ఇష్టంగా తిన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నా.

నిత్యకు మళ్ళీ ఫోన్ చేసి చెప్తే ఈసారి వాదించలా. "పొద్దున్నే వస్తా, ఆస్పత్రికి పోదాం" అంది.

ఫిబ్రవరి 16, సోమవారం

ఆస్పత్రి వరండాలో రాస్తా ఉండా. చీర మీద రక్తం, బ్లేళ్ళకు పూసే పేస్టు మరక.

నేను స్నానం చేసి వస్తా ఉంటే వాకిట్లో గరగరమని చప్పుడు. సిలిండరుకు పేస్టు పూసి, కుడి చేత్తో హ్యాండిల్ వెనక్కి తిప్పుతా ఉండాడు — బ్లేళ్ళు ఒకదాన్నొకటి అరగదీసుకొని పదునెక్కడానికి. ఎప్పుడూ చేసేదే. కానీ ఎడమ చెయ్యి… ఎడమ చెయ్యి సిలిండర్ మీద వాలి ఉండాది. బ్లేళ్ళ మధ్య. ఎవరో పెట్టి మరిచిపోయిన చేతిగుడ్డ మాదిరి. ఆయన తిప్పుతా ఉండాడు.

అరిచినానో లేదో తెలవదు. పోయి కుడి చెయ్యి పట్టుకున్నా. అప్పటికే చిటికెన వేలు తెగింది. పేస్టు ఎర్రగా అయింది.

ఆయన ఆ ఎరుపు చూసి, కంగారుగా నా మొహం చూసి, "నీకు తెగిందా వసంతా? ఏదీ చూపించు, చూపించు" అన్నాడు.

నా చేతులు వెతికినాడు. నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూసినాడు.

ఇంకా స్కాన్ నుంచి బయటికి రాలా.

అదే రోజు, సాయంత్రం

స్ట్రోక్. మెదడులో కుడి పక్క.

డాక్టరమ్మ నెమ్మదిగా, అరవంలో, నిత్యకూ నాకూ కలిపి చెప్పింది. కళ్ళు బాగానే ఉండాయంట. చెయ్యి కూడా చాలావరకు కదులుతుందంట. కానీ ఎడమ పక్క అనేదాన్ని మెదడు లెక్కలోకి తీసుకోవడం మానేసిందంట. ఆయనకు అది చీకటిగా కనపడదు, ఖాళీగా కనపడదు. అసలు అట్లాంటి పక్క ఒకటి ఉన్నట్టే తెలవదు.

"ఈ రోజు వచ్చింది కాదమ్మా. వచ్చి కొన్ని వారాలైనా అయ్యుంటుంది."

నిత్య నా వైపు చూసింది. నేను గోడ వైపు.

ఫిబ్రవరి 17

వేలికి కుట్లు వేసినారు. వేలు ఉంటుంది.

కొన్ని వారాలు. ఏ రోజు? జనవరిలో ఒకనాడు తల నొస్తా ఉందని పడుకున్నాడు, సాయంత్రం లేచి ఉప్మా బాగుందన్నాడు. ఆ రోజా? నేను అదే గదిలో పేపర్లు దిద్దుతా ఉండా. మనిషిలో సగం ప్రపంచం కూలిపోతే చప్పుడు కూడా రాదా.

ఫిబ్రవరి 18, బుధవారం

కట్టు కట్టిన ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉండాది. ఆయన కుడి చెయ్యి దానికి తగిలింది. తడిమినాడు. మొహం చిట్లించి, గొంతు తగ్గించి నన్ను పిలిచినాడు.

"ఎవరిదే ఈ చెయ్యి? పక్క మంచం ఆయనదా? తియ్యమను. నా మీద పెట్టినాడు."

నిత్య బయటికి పరిగెత్తింది.

"మీదేనండీ."

"నాదైతే నాకు తెలవదా?"

కోపం లేదు. నిజంగా అడుగుతా ఉండాడు. 

ఫిబ్రవరి 20

ఫిజియోథెరపీ అమ్మాయి కాయితం, పెన్ను ఇచ్చింది. "అంకుల్, మీకు ఇష్టమైనది ఏదైనా వెయ్యండి." ఎగిరి గంతేసినంత ఉషారుగా పిచ్ వేసినాడు. కాయితం కుడి సగంలో — మూడు స్టంపులు, క్రీజు గీతలు, అన్నీ కొలతగా, స్కేలు పెట్టినట్టు. రెండు పక్కలా పొడుగు గీతలు కాయితం మధ్య దాకా వచ్చి ఆగిపోయినాయి.

"అయిపోయింది" అని పెన్ను మూత పెట్టినాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఇంటికి వచ్చినాం. మాత్రలు. బీపీ చూసుకోవాల. రోజూ ఎక్సర్‌సైజులు. మిషను దగ్గరికి ఒంటరిగా పోగూడదు. ఇంజను ప్లగ్గు ఊడదీసి దాచినా.

"బాగానే ఉండా గదా. అందరూ ఎందుకట్లా మొహాలు పెట్టుకోని ఉండారు?"

వాకిట్లోకొస్తా ఎడమ భుజం తలుపు చట్రానికి కొట్టుకున్నాడు. తలుపును తిట్టినాడు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

సెల్వం పండ్లు ఎత్తుకొని వచ్చినాడు. గుమ్మం దగ్గరే నన్నాపి, "టీచర్, సార్‌క్కు ఎన్న ఆచ్చు?" ఏమైందో చెప్పినా. ఆ రోజు గ్రౌండులో మాటలు పడిన మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు.

మ్యాచ్ సంగతి ఎత్తలా. ఈయనే ఎత్తినాడు. "రేపు వచ్చి కోస్తా సెల్వం. సెట్టింగు అయిపోయింది."

సెల్వమూ నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. సెట్టింగు కాలేదని ఆయనకు ఎట్ల చెప్పేది? చెప్పినా ఎట్ల నమ్మేది?

"మిషను నేను సెట్ చేస్తా. సెల్వం కోస్తాడు. మీరు పక్కనుండి చెప్పండి" అన్నా.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే నమ్మకం కుదరలా. ఆయన నన్ను ఎగాదిగా చూసి — "నీకేం తెలుసు?"

"కాయితం అందించినా గదా ఇన్ని రోజులు."

మార్చి 1, ఆదివారం

చేసినా.

ఫిజియో అమ్మాయి చెప్పినట్టు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మిషను ఆయన ముందుకు కాకుండా కొంచెం ఎడమకు జరిపినా. కనపడాలంటే తల తిప్పాల. మొదట తిప్పలా. "మిషను ఏదే?" అన్నాడు. నేను స్పానర్‌తో ఇనుము మీద తట్టినా. తట్టినా. తల కొంచెం తిరిగింది. కొంచెం. "ఆఁ… ఉండాది."

పేస్టు కడిగి, తుడిచి, నూనె చుక్కలు వేసి, ఒక్కో స్క్రూ పావు తిప్పు. కాయితం. ఇంకో పావు. "గట్టిగా పట్టేస్తా ఉందండీ." "వెనక్కి తిప్పు. రవ్వంత. ఊపిరి పీల్చినంత." ఆ కొస బిగిస్తే ఈ కొస వదులు. ఈ కొస బిగిస్తే సిలిండరే తిరగదు. నడుం పడిపోయింది. విసుగొచ్చి ఒకసారి స్పానర్ విసిరేసినా. ఆయన నవ్వినాడు. "ఇన్నాళ్ళు దీన్ని పిచ్చి అన్నావు గదా."

మధ్యాహ్నానికి చైన్ పక్క కూడా తెగింది. సర్రుమని, శుభ్రంగా. ముక్క నేల మీద పడింది.

నేను మాట్లాడకముందే, ఎదురుగా గోడను చూస్తానే — "ఇప్పుడు రెండు కొసలూ పలుకుతా ఉండాయి" అన్నాడు.

విన్నాడు! చూళ్ళా, విన్నాడు.

మార్చి 4, బుధవారం

ఒక్కసారిగా మూడు మిల్లీమీటర్లకు దించితే గడ్డి చచ్చిపోతుందని మొన్న అయిదులో, నిన్న నాలుగులో, ఈ రోజు మూడులో. సెల్వం కోసినాడు. నేను మిషను వెంబడి వంగి నడుస్తా, రెండు అంచులూ చూసుకుంటా. మీసం లేదు.

ఒకచోట మాత్రం నేల కొంచెం ఉబ్బుగా ఉందేమో, మిషను గీరేసి గరిక వేళ్ళు తెల్లగా తేలినాయి.  పాడు చేసినా, ఆయన పిచ్ పాడు చేసినా.

ఇంటికొచ్చి ఫోన్లో ఫోటో చూపిస్తే ఆయన చూసి — మళ్ళీ సగమే చూసినాడేమో, ఫోన్ తిప్పి పట్టినా — "నీళ్ళు చల్లండి. గరిక మొండిది, వస్తాది" అన్నాడు.

మార్చి 8, ఆదివారం

మ్యాచ్.

ఆయన్ని బౌండరీ దగ్గర షామియానా కింద కూర్చోబెట్టినాం. ఇస్త్రీ చొక్కా. గడ్డం నేను గీసినా. పాత స్నేహితులు ఎడమ పక్క నుంచి వచ్చి పలకరిస్తే పలకలా. ఒకాయన మొహం చిన్నబోయింది. నేను లేచిపోయి చెప్పాల్సి వచ్చింది. ఎందరికి చెప్పేది.

పిచ్ బాగుందన్నారు. ఎవరెవరో వచ్చి చెప్పినారు. కార్పెట్ మాదిరి ఉందంట. ఆయన తల ఊపినాడు, రాజు మాదిరి.

తర్వాత, టీ తాగతా ఉండంగా, ఉన్నట్టుండి అడిగినాడు.

"వసంతా, ఓవరు మారినా బౌలరు ఒక పక్క నుంచే వస్తా ఉండాడు. ఇంకో ఓవరు ఎవరూ వెయ్యడం లేదే?"

కప్పు కింద పెట్టినా. "వేస్తా ఉండారండీ. రెండో కొస నుంచి."

"రెండో కొస…"

ఆగినాడు. ఎదురుగా చూస్తా ఉండాడు. ఆయన మొహంలో లెక్క వేస్తా ఉండే కళ — వర్క్‌షాపు నుంచి తెచ్చిన కళ. పెదాలు కదిలినాయి.

"పిచ్‌కు రెండు కొసలు ఉండాల గదా. నేనే గదా కొలిచింది. ఉండి తీరాల." నా చెయ్యి పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. "ఏడుందే అది? నాకు ఒక్కటే కనపడతా ఉండాది. వసంతా… ఇట్లా ఎన్ని రోజుల్నించి?"

ఆస్పత్రిలో చెప్పినా నమ్మలా. చెయ్యి చూపించినా నమ్మలా. ఇప్పుడు నమ్మినాడు. ఇన్నాళ్ళూ ఆయనకు భయం లేదు. ఆ భయమంతా నేనే మోసినా. నమ్మితే బాగుండునని ప్రతి రోజూ అనుకున్నా. నమ్మిన మొహం చూసినాక — ఎందుకు నమ్మినాడా అనిపించింది.

 టీ చల్లారిపోయింది. మ్యాచ్ అయిపోయేదాకా నా చెయ్యి వదల్లా.

మార్చి 9

 అన్నం తిని, తనంతట తనే, పళ్ళేన్ని కుడి చేత్తో తిప్పినాడు. ఏముందో చూసినాడు. ఏమీ లేదు. ఈ రోజు నేను కూరలన్నీ కుడి పక్కనే పెట్టినా.

నా మీద కోప్పడినాడు. "అట్ల పెట్టొద్దు."

మార్చి 11, బుధవారం

ఫిజియో అమ్మాయి ఈ రోజు నన్ను కూడా మందలించింది. నేను ఎప్పుడూ ఆయన కుడి పక్కనే నిలబడతా ఉండానంట. సులువుగా ఉంటుందని. "ఆంటీ, మీరు ఎడమ పక్క నిలబడాల. పిలవగానే కుడి పక్కకు పరిగెత్తి రావద్దు. వెతకనియ్యండి. తల తిప్పనియ్యండి." వారాలు పడుతుందంట. కొందరికి నెలలు. కొందరికి — అని ఆగింది.

సాయంత్రం గ్రౌండుకు పోదాం అన్నాడు. పోయినాం. ఎవరూ లేరు. హార్బర్ వైపు నుంచి గాలి. పిచ్ మీద నీళ్ళు చల్లి ఉండారు. మెల్లగా నడిచి మధ్యలో నిలబడినాడు. నేను ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"వసంతా."

పలకలా. పలకగూడదు గదా.

కుడి పక్కకు చూసినాడు. గోడ దాకా, గేటు దాకా చూసినాడు. "వసంతా?" ఈసారి గొంతులో ఏదో. పరిగెత్తి కుడి పక్కకు పోదామని కాళ్ళు లాగినాయి. పోలేదు. 

ఎదురుగా చూసినాడు. గడ్డం కొంచెం ఎడమకు కదిలింది. ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. తెరిచినాడు. మళ్ళీ కొంచెం.

ఆయన చెవి, చెంప నాకు కనపడతా ఉండాయి. కళ్ళు ఇంకా నా దాకా రాలా, వస్తా ఉండాయి…